పెద్ద డాక్టరుగారి గురువారం

మొదటి ప్రశ్నగా మాత్రం ఎలా ఉన్నారమ్మా అని అడగకూడదు, అలా అడిగితే డాక్టర్ హైమవతి బాగున్నానండీ అంటుంది, ఇక అంతే, ఆ తర్వాత ఎన్ని అడిగినా ముక్తసరి జవాబులే, పోనీ చేతికి ఎలా ఉందమ్మా అని మొదలుపెడదామా, అబ్బే, చెయ్యి అనగానే మందుల బీరువా గుర్తొస్తుంది, బీరువా అనగానే హెడ్ సిస్టరు మగ్దలేనమ్మ, మగ్దలేనమ్మ అనగానే విజయవాడ, అక్కడెవరో నర్సింగ్ హోమ్ వాళ్ళు రమ్మంటున్నారట, రేపు సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పాలట, ఈ కబురు నాకు ఆవిడ చెప్పలేదు, కమిటీ ప్రెసిడెంటు బసవపున్నారావు చెప్పాడు, నిన్న పొద్దున్నే వచ్చి మా వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుని, వంటమనిషి ఇన్నమ్మ ఇచ్చిన కాఫీ సాసర్లో పోసుకుని జుర్రుతూ, మీరొక్క మాట చెప్పండి డాక్టరుగారూ, మీ మాట ఆవిడ కాదనదు, ఉన్న ఒక్క డాక్టరూ వెళ్ళిపోతే మన ధర్మాసుపత్రికి తాళం వేసుకోవాలి, ఈ మామిడి తోటల మధ్యకి మళ్ళీ ఎవరొస్తారు, అన్నాడు, నేను మాట చెప్పనయ్యా, గురువారం గురువారం ఆవిడ ఎదురుగా కూర్చుని ప్రశ్న అడుగుతాను, అదే నా పని, అన్నాను, ఆయనకి అర్థం కాలేదు, ఏదో ఒకటి అడగండి, ఆవిడ మాత్రం కదలకూడదు, అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

అదే నా పని అన్నప్పుడు గొంతులో కాస్త గర్వం పలికిందేమో, పలికితే తప్పేమిటి, ఈ జిల్లా మొత్తం మీద ఇలాంటి పని చేసేవాడు ఇంకొకడున్నాడా, జబ్బులకి డాక్టర్లున్నారు గాని డాక్టర్లకెవరున్నారు, ఆసుపత్రి నడిపే మనిషి గుండెలో ఏం నడుస్తోందో అడిగే దిక్కెవరు, ఈ మాట నాది కాదులెండి, రిటైరయ్యే ముందు కమిటీవాళ్ళు నన్ను, నా తర్వాతొచ్చే డాక్టర్ల కష్టసుఖాలు వినటం నేర్చుకోమని, ట్రెయినింగుకి హైదరాబాదు పంపించారు, అక్కడ ఓ బక్కపల్చటి మాస్టారు చెప్పాడు, రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చిన సూపరింటెండెంట్లని, అన్నీ బట్టతలలూ బొజ్జలూ, జంటలు జంటలుగా ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టాడు, ఒకరు మాట్లాడాలి, రెండోవారు వినాలి, సలహా ఇవ్వకూడదు, ఊరడించకూడదు, అడిగితే ప్రశ్న ఒక్కటే అడగాలి, నా ఎదురుగా కూర్చున్న కర్నూలాయన వాళ్ళ ఆసుపత్రి గొడవలు రెండు ముక్కలు చెప్పాడో లేదో నేను వైద్యం మొదలెట్టేశాను, మాస్టారు వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యేసి, ఆయన ఇంకా గొంతు సవరించుకుంటున్నారండీ, మీరప్పుడే మందు రాసేస్తున్నారు, అన్నాడు, అందరూ నవ్వారు, నాకు రోషం వచ్చింది, ఆ రోషంతోనే నేర్చుకున్నాను, పెదవి కొరుక్కుని వినటం నేర్చుకున్నాను, ఇంటికొచ్చి మా ఆవిడ నాగేశ్వరమ్మకి చెబితే ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, ఇన్నేళ్ళ కాపురంలో నన్నొక్క ప్రశ్న అడగని మనిషికి హైదరాబాదులో ప్రశ్నలడగటం నేర్పారా, బాగుందండీ, అంది, నవ్వుతూనే అంది, నేనూ నవ్వాను, అప్పుడైనా ఒకటి అడగాల్సింది, ఏమడిగేవాణ్ణో, నీకేం కావాలే అని అడిగేవాణ్ణేమో, ఏడాది తిరక్కుండానే ఆవిడ పోయింది, ఆ చేట ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలియదు, ఇన్నమ్మ పొద్దున వచ్చి వండి గిన్నెల మీద మూతలు పెట్టి వెళ్ళిపోతుంది, మధ్యాహ్నం నేను ఆ మూతలు తీసినప్పుడయ్యే చప్పుడే మా ఇంట్లో పెద్ద చప్పుడు.

ఉగాది రాకముందే ఈ ఎండలేమిటో, సాయంత్రమైనా చల్లబడలేదు, ఆసుపత్రికి నడుస్తుంటే చాట్రాయి రోడ్డు మీద దుమ్ము లేచి మొహాన కొడుతోంది, ఎదురుగా ట్రాక్టరు, తొట్టి నిండా పురుగుమందు డ్రమ్ములు, పైన ఇద్దరు చొక్కాల్లేకుండా కూర్చుని నాకు దణ్ణం పెడుతున్నారు, ఆ వాసన ముక్కుకి తగిలిందో లేదో మొన్న సోమవారం గుర్తొచ్చేసింది, ఆ రోజు మామిడి పిందెల మీద తేనెమంచు పురుగుకి మందు కొడుతూ పడిపోయిన మనిషిని ఇలాంటి తొట్టిలోనే వేసుకుని ఆసుపత్రికి తెచ్చారు, నోట్లో నురగ, కంటిపాపలు ఆవగింజలంత, ఛాతీలో నీళ్ళు గుడగుడలాడుతున్నాయట, హైమవతి ఆట్రోపిన్ ఇంజక్షన్లు మొదలెట్టింది, దానికి విరుగుడు అదే, ఛాతీ పొడిబారేదాకా ఆపకుండా ఇస్తూనే ఉండాలి, ఆవిడ చదువుకున్నదీ అదే, సరైనదీ అదే, కాని మా ఆసుపత్రిలో ఒక కట్టుబాటుంది, నేను పెట్టిందే, ఎప్పుడో ఒక రోగికి ఆ మందు ఎక్కువై మతి చెడి, సెలైన్ సూది పీకేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు, అప్పట్నుంచీ ఒక లెక్క దాటితే నన్ను అడగనిదే మందుల బీరువా తియ్యొద్దని మగ్దలేనమ్మకి చెప్పాను, హెడ్ సిస్టరు, నా చేతికింద పని నేర్చుకున్న మనిషి, చెప్పిన మాట జవదాటదు, నేను రిటైరయ్యాను గాని ఆ మాట రిటైరవలేదు, నేనూ దాన్ని వెనక్కి తీసుకోలేదు, అసలు గుర్తుంటే కదా, హైమవతి ఇంకా ఇవ్వాలి తియ్యండి అంటుంటే మగ్దలేనమ్మ తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, ఒక్క నిమిషం ఆగండి డాక్టరమ్మగారూ, పెద్ద డాక్టరుగారిని అడిగిస్తాను, అని వాచ్‌మన్ రాఘవయ్యని సైకిలెక్కించి నాకోసం పంపించింది.

పెద్ద డాక్టరుగారు ఇంట్లో లేరు, మంగలి షాపులో ఉన్నారు, ఒక చెంప నున్నగా, ఒక చెంప సబ్బుతో, రాఘవయ్య రొప్పుతూ గుమ్మంలోకి వచ్చి, మీరు చెబితేగాని ఇవ్వరంటండీ, అన్నాడు, షాపులో ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు, ఎవరో చదువుతున్న పేపరు దించారు, అప్పుడు, ఒక మనిషి ప్రాణం మీదికొచ్చిందని విన్న ఆ క్షణంలోనే, నాకు లోపల హాయిగా అనిపించింది, ఇది ఎవరికీ చెప్పుకునేది కాదు, కాని అనిపించింది, ఊరు నన్నింకా మరిచిపోలేదు, నేను లేందే పని జరగటం లేదు, ఇవ్వమను, ఎంత కావాలంటే అంత ఇవ్వమను, అని తువ్వాలుతో మొహం తుడుచుకుని నేనే పరుగు తీశాను, వెళ్ళి చూద్దును కదా గచ్చంతా గాజు పెంకులు, హైమవతి పేపర్‌వెయిట్‌తో బీరువా అద్దం బద్దలుకొట్టిందట, మంచం పట్టె మీద మోకాలు ఆనించి ఒక్కతే ఇంజక్షను ఎక్కిస్తోంది, అరచెయ్యి తెగి నెత్తురు మోచేతిదాకా కారుతోంది, సిస్టర్లూ ఆయాలూ గోడకి ఆనుకుని నిలబడిపోయారు, దూది ముక్క అందించినవాళ్ళు లేరు, నేను లోపల అడుగు పెట్టానో లేదో అందరికీ కాళ్ళూ చేతులూ వచ్చాయి, ఒకరు ఆక్సిజన్ పట్టుకొస్తున్నారు, ఒకరు సక్షన్ ట్యూబు, మగ్దలేనమ్మ కట్టుగుడ్డతో డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది, నేను తయారుచేసిన స్టాఫంటే ఇలా ఉండాలి అనుకున్నాను, అదే అనుకున్నాను, మనిషి బతికాడు, ఇవాళ లేచి కూర్చుని గంజి తాగుతున్నాడట, హైమవతి మాత్రం ఆ రోజు తలెత్తి నన్నొకసారి చూసింది, నా సగం గడ్డం చూసి నవ్వు ఆపుకుంటోందేమో అనుకున్నాను, నవ్వు కాదది, ఏమిటో మరి.

ఆసుపత్రి గేటు దగ్గర రాఘవయ్య స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు, వరండాలో సిస్టర్లు లేచారు, బెంచీల మీది రోగులు కూడా ఎవరో ఏమిటో తెలియకపోయినా పక్కవాళ్ళని చూసి లేచారు, కూర్చోండి కూర్చోండి అంటూనే నడిచాను, ఇది నాకు అలవాటు, రోజూ పొద్దున్నే ఓసారి వస్తాను కదా, పని మీద కాదు, ఊరికే గాలి మార్పుకి, వార్డులో నాలుగు మంచాల దగ్గర ఆగి నాలుగు మాటలు మాట్లాడి, మందు చీటీలు అలా ఓ చూపు చూసి వెళ్ళిపోతాను, గురువారం సాయంత్రం మాత్రం పని మీద రావటం, సూపరింటెండెంటు గదిలో హైమవతి లేచి తన కుర్చీ నాకిచ్చి, తను రోగులు కూర్చునే స్టూలు లాక్కుని కూర్చుంది, ప్రతి గురువారమూ అంతే, కుడిచేతికి కట్టు, ఎడమచేత్తో కాగితాలు సర్దుతోంది, గుడివాడ పిల్ల, పెళ్ళి మాటెత్తితే నవ్వేసి ఊరుకుంటుంది, ఆసుపత్రి వెనక క్వార్టర్సులో ఒక్కతే ఉంటుంది, వచ్చిన కొత్తలో ఓ గురువారం, ఇక్కడ మీకు దేనికి కష్టంగా ఉందమ్మా అనడిగితే, టీ తాగటానికి సార్, అంది, నేను వెళ్ళగానే అందరూ గ్లాసులు పెట్టేసి లేచి నిలబడతారు, నేను వచ్చేస్తాను, మళ్ళీ వాళ్ళ నవ్వులు వినిపిస్తాయి, అంది, అప్పుడు మీకేమనిపిస్తుంది అని అడిగాను, మంచి ప్రశ్న అడిగానని ఇంటికెళ్ళేదాకా సంతోషపడ్డాను, ఆవిడ ఏం జవాబు చెప్పిందో ఇప్పుడు గుర్తు లేదు.

చివరికి సోమవారం సంగతి చెప్పండమ్మా అన్నాను, ఇన్ని ప్రశ్నలు వెతికి వెతికి అడిగింది ఇదీ, ఆవిడ చెప్పింది, నాకు తెలిసినదే చెప్పింది, అద్దం పగలగొట్టేటప్పుడు మీ మనసులో ఏముంది అన్నాను, ఏమీ లేదండి, అతని ఊపిరి చప్పుడొకటే వినిపిస్తోంది, అంది, మగ్దలేనమ్మ మీద కోపం ఉందా అన్నాను, లేదు సార్, ఆవిడ తప్పు కాదు, అంది, మరెవరి తప్పు అని అడగాలి కదా, తర్వాతి ప్రశ్న అదే, హైదరాబాదు మాస్టారైతే అదే అడిగేవాడు, నేను మాత్రం విజయవాడ మాట విన్నాను అన్నాను, తలూపింది, రేపు సాయంత్రం ఫోన్ చేస్తానన్నాను సార్, అక్కడ నాలాంటివాళ్ళు ఆరుగురున్నారు, మాట్లాడుకోవటానికి మనుషులుంటారు, అంది, ఇక్కడ నేనున్నాను కదమ్మా అనబోయాను, అంతలో తలుపు దగ్గర మగ్దలేనమ్మ, తెల్లచీర, చేతులు కట్టుకుని, సార్, కాన్పుకొచ్చిన అమ్మాయికి బీపీ దిగట్లేదండి, ఏలూరు పంపించమన్నారు డాక్టరమ్మగారు, జీపు తయారుగా ఉంది, అంది నావైపే చూస్తూ, నేను హైమవతికి దన్నుగా ఉండాలనే, ఆవిడ మాట నిలబెట్టాలనే, వెంటనే, పంపించండి, ఆవిడ చెప్పారుగా, పంపించండి, అన్నాను, అలాగేనండి, అని మగ్దలేనమ్మ గబగబా వెళ్ళిపోయింది, బయట జీపు స్టార్టయిన చప్పుడు, బాగా చేశానా లేదా అన్నట్టు హైమవతి వైపు చూశాను.

ఆవిడ తన కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటోంది, పంపించమని నేను చెప్పి చాలాసేపయింది సార్, అంది, కోపంగా కాదు, అలిసిపోయిన మనిషి మాట్లాడినట్టు, మీరిన్నాళ్ళూ నన్ను చాలా అడిగారు, నేనొకటి అడగనా, ఇప్పుడా జీపు ఎవరి మాట మీద కదిలింది సార్, అంది, నేను కుర్చీలో అటూ ఇటూ కదిలాను, కుర్చీ కిర్రుమంది, మీ మాట మీదేనమ్మా అన్నాను, ఆవిడ నవ్వింది, సోమవారం ఆగిపోయిన నవ్వు ఇదేనేమో, వాన వచ్చేట్టుంది సార్, మీరు బయల్దేరండి, అంది, గంటసేపు ఉండాల్సిన గురువారం పావుగంటలో అయిపోయింది.

ఏం చేశానని, నేను చేసిందేమిటని, కాదన్నానా, అడ్డు చెప్పానా, ఆవిడ చెప్పిందే చెయ్యమన్నాను, ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు, ఈవిడకి ముందొచ్చిన తెనాలి కుర్రాడూ అంతే, ఆరు నెలలకే మూట సర్దుకున్నాడు, ఆ తర్వాతొచ్చిన కైకలూరు ఆవిడ పోయేటప్పుడు నాకు చెప్పనైనా చెప్పలేదు, నాలాగా ముప్ఫై ఏళ్ళు ఒక్కచోట నిలబడితే తెలుస్తుంది, అని గొణుక్కుంటూ గేటు దాటాను, ఎవరు లేచి నిలబడ్డారో కూడా చూడలేదు, మైలవరం వైపు ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది, గాలి లేచింది, మామూలు గాలి కాదు, రోడ్డు మీది ఆకులూ కాగితాలూ సుడి తిరుగుతున్నాయి, పిందెలు రాలిపోతాయే, అయ్యో ఈ శ్రీరాములు గతేమిటి, అనుకున్నాను, శ్రీరాములు టవున్లో మామిడి వర్తకుడు, మా తోట పూత మీద కొనుక్కున్నాడు, చెట్టు పూసినప్పుడే బేరం, ఆ తర్వాత కాసినా రాలినా కొన్నవాడిదే, అనుకుంటూ ఉండగానే తోట రానే వచ్చింది, మా తోట, అంటే మాదే గాని ఈ కాపు తెగేదాకా మాది కాదు.

లోపల కొమ్మలు ఊగిపోతున్నాయి, పిందెలు టపటపా రాలుతున్నాయి, శ్రీరాములు ధోవతి పైకి కట్టి గొంతు చించుకుంటున్నాడు, బంగినపల్లి చెట్లకి ముందు గుంజలు ఆనించండర్రా, తర్వాత ఏరుకోవచ్చు, అంటున్నాడు, కూలీలు గుంజలు పట్టుకుని నిలబడ్డారు, అటు పరిగెత్తబోతున్నవాళ్ళు కంచె బయట నన్ను చూశారు, అంతే, ఆగిపోయారు, అంతా పాతవాళ్ళు, మా నాన్న రోజుల నుంచీ ఈ తోటలో చేసినవాళ్ళు, అందులో పెద్దవాడు కంచె దగ్గరికే వచ్చి, అయ్యగారూ, రసాలకి పెట్టమంటారా, బంగినపల్లికా, అన్నాడు, వెనక శ్రీరాములు ఇంకా అరుస్తూనే ఉన్నాడు, ఆ అరుపు వాళ్ళ వీపులకి తగిలి కింద పడుతోంది, నాకు తెలుసు, తూర్పు వరసలో రసాల చెట్టుకి ఒక కొమ్మ ముందే బీటేసి ఉంది, దానికే పెట్టాలి ముందు, నాలిక చివరిదాకా వచ్చింది, శ్రీరాములు కూడా నన్ను చూసి, లోపలికి రండి డాక్టరుగారూ, మీ తోటేగా, ఓ మాట చెప్పి పోండి, అన్నాడు, నేను తల తిప్పుకుని రోడ్డుకి అవతలి పక్కకి వెళ్ళి నడక మొదలెట్టాను, ఆలోచించి చేసింది కాదు, కాళ్ళే చేశాయి, మా ఇంట్లో అది మూడు తరాల అలవాటు, పూత మీద తోట ఇచ్చేశాక కోత అయ్యేదాకా కాలు పెట్టం, కంచె దగ్గర నిలబడం, కూలీలు ఎదురుపడితే తోట మాట ఎత్తం, నా చిన్నప్పుడు ఓసారి గట్టెక్కి చూస్తుంటే మా నాన్న రెక్క పట్టుకుని కిందికి లాగేశాడు, ఎందుకు నాన్నా, చూస్తే ఏం పోయింది, అన్నాను, చూస్తే ఏమీ పోదురా, మనం ఇక్కడ కనిపించామనుకో, కూలీలు మన మొహమే చూస్తారు, కొన్నవాడు ఎంత అరిచినా ఎవడికీ వినపడదు, అన్నాడు.

అన్నాడు, నాన్న అన్నాడు, అరవై ఏళ్ళ కిందట అన్నాడు, నేను అరవై ఏళ్ళుగా పాటిస్తున్నాను, మామిడి చెట్ల విషయంలో పాటిస్తున్నాను, నడక ఆగిపోయింది, గాలికి పంచె కాళ్ళకి చుట్టుకుంటోంది, వెనక్కి తిరిగి చూద్దామంటే అక్కడ తోట ఉంది, చూడకూడదు, కళ్ళు మూసుకుంటే వార్డు, గోడకి ఆనుకున్న సిస్టర్లు, నెత్తురు కారే చెయ్యి, నేను గుమ్మంలోకి రాగానే అందరికీ ప్రాణం వచ్చింది, స్టాఫంటే ఇలా ఉండాలి అనుకున్నానా, ఛీ, వాళ్ళని అలా నిలబెట్టింది నేనే కదా, రోజూ పొద్దున్నే గాలి మార్పుకని వెళ్ళి, ఊరికే ఓ చూపు చూసి, నాలుగు మాటలు మాట్లాడి, రోజూ కంచె దగ్గర నిలబడి నా మొహం వాళ్ళకి చూపించి వస్తున్నాను, తెనాలి కుర్రాడికి ఓపిక లేకపోవటం కాదు, కైకలూరు ఆవిడ చెప్పకుండా పోవటం పొగరూ కాదు, ఏమని చెబుతుంది పాపం, ఎవరితో చెబుతుంది, చెప్పుకోవాల్సిన మనిషి ఎవరూ అంటే నేనే, ప్రతి గురువారం ఆవిడ కుర్చీలోనే కూర్చుని ఏమిటమ్మా నీ కష్టం అని అడిగే పెద్దమనిషిని నేనే, ఎంత చక్కగా అడిగేవాణ్ణి, గొంతు తగ్గించి, తల కాస్త పక్కకి వంచి.

రేపు పొద్దున వెళ్ళి అందరినీ పిలిచి, ఇకనుంచి డాక్టరమ్మగారి మాటే నా మాట అని గట్టిగా చెప్పేస్తే సరి, అనుకున్నాను, అనుకున్న మరుక్షణం నాకే నవ్వొచ్చింది, అదీ నా మాటే కదా, నేను వినమన్నాను కాబట్టి వింటారు, నేను దగ్గితే మళ్ళీ నావైపు తిరుగుతారు, బసవపున్నారావు చెప్పమన్న మాట కూడా అంతే, ఉండమ్మా అంటే నా కోసం ఉంటుంది, దేనికి, నా మాట నెగ్గటానికా, కాదు, నేను చెప్పటానికేమీ మిగల్లేదు, చెయ్యటానికి ఒక్కటే ఉంది, వెళ్ళకపోవటం, పొద్దున వెళ్ళకపోవటం, గురువారం వెళ్ళకపోవటం, దారిలో సిస్టర్లు ఎదురైతే వానల గురించి మాట్లాడటం, అంతే, ఎంత చిన్న పని, భయమేసింది, నిజంగా భయమేసింది, పొద్దున లేచి పళ్ళు తోముకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఎక్కడికి, ఆ చొక్కా ఎవరు చూడటానికి, నాగేశ్వరమ్మ పోయిన మర్నాడు కూడా నేను వార్డుకి వెళ్ళాను, అందరూ ఎంత ధైర్యమండీ మీకు అన్నారు, ధైర్యం కాదు, ఇంట్లో ఉండలేక వెళ్ళాను, ఆ రోజు నుంచీ ఇంట్లో ఉండలేకే వెళుతున్నాను, దానికి సేవ అని పేరు పెట్టుకున్నాను, సలహా అని పేరు పెట్టుకున్నాను, ఆ పిల్ల టీ గ్లాసుల సంగతి చెప్పినప్పుడు ఆ ఒంటరితనం నాకు అంత బాగా ఎలా అర్థమైందో ఇప్పుడు తెలుస్తోంది, నాది పోగొట్టుకోవటానికి రోజూ వెళ్ళి దాన్ని ఆవిడకి అంటగట్టి వస్తున్నాను.

చినుకులు మొదలయ్యాయి, వెనక సైకిలు బెల్లు, రాఘవయ్య, గొడుగు మరిచిపోయారండీ, అని ఆయాసపడుతూ దిగి గొడుగు విప్పి నా మీద పట్టుకున్నాడు, తను తడుస్తూ, కాన్పు అమ్మాయి ఎలా ఉందోనని నోటిదాకా వచ్చింది, మింగేశాను, రాఘవయ్య వెళ్ళకుండా నిలబడ్డాడు, రేపు ఎన్నింటికి వస్తారో కనుక్కోమన్నారండి సిస్టరుగారు, వాన పడితే ఆలస్యమవుద్దేమో, అంతవరకూ రౌండ్స్ ఆపమంటారా అని, అన్నాడు, ఆపటమేమిటి, అన్నాను, రోజూ అంతేగదండీ, మీరు గేటు దాటి లోపలికొచ్చాకే సిస్టరుగారు రౌండ్స్‌కి రమ్మని డాక్టరమ్మగారికి కబురు పంపిస్తారు, అన్నాడు మామూలుగా, ఎండ కాస్తోంది వాన పడుతోంది అన్నంత మామూలుగా, ఒక ఏడాదిగా ఆవిడ పొద్దున్నే తయారై తన గదిలో కూర్చుని నేనెప్పుడొస్తానా అని ఎదురుచూస్తోందన్నమాట, ఒక్క గురువారమూ నాతో అనలేదు, నేను అడగలేదు, ఇన్ని అడిగాను గాని అది అడగలేదు, గొడుగు కర్ర అందుకున్నాను.

రేపు రానని చెప్పు రాఘవయ్యా, అన్నాను. ఎల్లుండి వస్తారాండీ, అన్నాడు. ఎల్లుండీ రాను, అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, ఒంట్లో బాగోలేదాండీ, డాక్టరమ్మగారిని పంపించమంటారా, అన్నాడు, జబ్బు చేస్తే ఆవిడే వస్తుంది, అప్పుడు నేను రోగిని, ఆవిడ డాక్టరు, అంతకు మించి మా ఇద్దరి మధ్య ఉండాల్సింది ఇంకేమీ లేదు, బాగానే ఉన్నాను, సిస్టరుగారికి ఏ సందేహం వచ్చినా డాక్టరమ్మగారిని అడగమను, నా ఇంటికి ఎవరూ రావద్దను, అన్నాను, వాడు సైకిలు తిప్పుకుని ఆసుపత్రి వైపు తొక్కుకుంటూ పోయాడు, రేపు సాయంత్రం ఆవిడ విజయవాడకి ఫోన్ చేసి వస్తానంటుందో రానంటుందో నాకు తెలియదు, తెలుసుకునే పని కూడా నాది కాదు, వెళ్ళినా వెళ్ళకపోయినా రేపు పొద్దున ఆ వార్డులో ఆవిడ ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, నేను ముప్ఫై ఏళ్ళు చేసిన పనిలో ఇంకా చెయ్యకుండా మిగిలిపోయింది ఇదొక్కటే, అక్కడ లేకుండా ఉండటం, అనుకుంటూ వానలో ఇంటి వైపు నడిచాను.